ఫార్మాట్ కొట్టకుండా ఈ దొంగ యాంటీవైరస్‌ని వదిలించుకునే దారి ఉందా?

శుభలేఖల మాస్టారు, తెనాలి

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో హిందీ పండిట్‌గా చేసి రిటైరయ్యాను. ఇంట్లో ముందు గదిలో ఒక కంప్యూటర్, ఒక ప్రింటర్ పెట్టుకుని శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు, కరపత్రాలు తయారుచేసి ప్రెస్సుకి పంపిస్తుంటాను. విండోస్ 10, పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్, తెలుగు అక్షరాలకి అను ఫాంట్లు. ఇంతకు మించి కంప్యూటర్ గురించి నాకు తెలీదు. తెలిసినదాంతోనే పని జరిగిపోతోంది కాబట్టి తెలుసుకోవాలనీ అనిపించలేదు.

పది రోజుల క్రితం ఒక పెళ్ళివారికి నా దగ్గరున్న వినాయకుడు నచ్చలేదు. నాలుగు గీతల్లో ఉండే వినాయకుడు కావాలన్నారు. నెట్‌లో వెతికితే ఒక సైట్లో మంచి బొమ్మ దొరికింది. డౌన్‌లోడ్ నొక్కితే 'మీరు రోబో కాదని చెప్పడానికి అలౌ నొక్కండి' అని వచ్చింది. నేను రోబోని కాదు కదా, నొక్కాను. బొమ్మ మాత్రం రాలేదు.

మర్నాటి నుంచి తెరకి కుడివైపు అడుగున ఎర్ర పెట్టె లేవడం మొదలైంది. 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి' అని ఒకటి, 'మీ యాంటీవైరస్ గడువు ఈ రోజుతో ముగిసింది' అని ఇంకొకటి. పేరున్న కంపెనీ గుర్తే ఉంది దాని మీద. 'మనం కొననే లేదు కదా, కొననిదానికి గడువెలా తీరుతుంది?' అని మా ఆవిడ అడిగింది. అక్కడ ఆగాల్సింది, ఆగలేదు. దాని మీద నొక్కితే స్కాన్ జరుగుతున్నట్టు ఒక గీత నిండుతూ వెళ్ళి, చివర ఒక క్లీనర్ వేసుకోమంది. వేసుకున్నాను. ఇప్పుడు కంప్యూటర్ ఆన్ చేస్తే చాలు, ఆ క్లీనర్ నాకంటే ముందు లేచి 1,286 సమస్యలున్నాయని లెక్క చెబుతోంది. బాగుచేయడానికి 1,999 రూపాయలట. కట్టలేదు.

మూఢం వెళ్ళగానే ముహూర్తాలన్నీ ఒక్కసారి వచ్చి పడ్డాయి. చేతిలో ఏడు శుభలేఖలున్నాయి. ఇక్కడ ఒక షాపులో అడిగితే ఫార్మాట్ కొట్టాలి, అంటే ఉన్నదంతా చెరిపేసి విండోస్ మళ్ళీ ఎక్కించాలి, 700 రూపాయలు అన్నారు. మూడేళ్ళ కింద ఒకసారి ఆ ముచ్చట తీరింది. అను ఫాంట్లు మళ్ళీ ఎక్కించుకోవడానికి తొమ్మిది రోజులు తిరిగాను. పాత ఫైలు తెరిస్తే 'చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి' ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు చీమల్లా పాకాయి. ఫార్మాట్ తప్ప ఇంకేదైనా చెప్పండి.

రేపల్లె ప్యాసింజర్

మాస్టారూ, విండోస్ తీసేసి లైనక్స్ వేసుకోండి. వైరస్ గొడవ తక్కువ.

వరంగల్ స్క్రూడ్రైవర్

పైన లైనక్స్ అన్న తమ్ముడూ, అందులో పేజ్‌మేకర్ నువ్వొచ్చి నడిపిస్తావా? మాస్టారి పని పోతుంది.

సార్, నాది హన్మకొండలో చిన్న రిపేర్ షాపు, 19 ఏళ్ళుగా ఇదే పని. పరేషాన్ కాకండి. ఫార్మాట్ అవసరం లేదు. మా లైన్లో చాలామంది ఫార్మాట్ ఎందుకు అంటారంటే, వెతికి తీయడానికి మూడు గంటలు పడుతుంది, ఫార్మాట్‌కి కూర్చోనక్కర్లేదు. అది పెట్టేసి చాయ్‌కి వెళ్ళొచ్చు.

మీ కంప్యూటర్లో రెండు వేరే వేరే తలనొప్పులు కలిసిపోయాయి. ముందు వాటిని విడదీయాలి. ఇంటర్నెట్ వైరు పీకేయండి, వైఫై అయితే రౌటర్ ఆపేయండి. కంప్యూటర్ రీస్టార్ట్ చేసి అరగంట ఊరికే వదిలేయండి. నెట్ లేకపోయినా లేచేది మీ మెషిన్‌లో కూర్చున్న దొంగ. నెట్ వచ్చాక మాత్రమే వచ్చేది బయటి నుంచి అరిచేవాడు. నా అంచనా, ఎర్ర పెట్టెలు రెండో రకం, క్లీనర్ మొదటి రకం.

ఎర్ర పెట్టెలు అసలు వైరసే కాదు సార్. మీరు 'అలౌ' నొక్కింది రోబో పరీక్షకి కాదు, ఆ సైటు మీకు నోటిఫికేషన్లు పంపుకోవచ్చని ఇచ్చిన పర్మిషన్‌కి. సినిమా పోస్టర్ల వాడికి మీ గోడ మీద అంటించుకోమని చెప్పినట్టే అది. ఈసారి పెట్టె లేచినప్పుడు బొమ్మని, ఎర్ర రంగుని చూడకండి. పెట్టెలో ఎక్కడో చిన్న అక్షరాల్లో బ్రౌజర్ పేరు, సైటు పేరు ఉంటాయి. యాంటీవైరస్ కంపెనీ గుర్తుంది అన్నారే, ఆ సైటు పేరు చూస్తే ఆ కంపెనీకీ దానికీ చుట్టరికమే ఉండదు.

క్రోమ్ అయితే పైన కుడివైపు మూడు చుక్కలు, సెట్టింగ్స్, ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అక్కడ అనుమతి ఉన్న సైట్ల జాబితా ఉంటుంది. మీకు తెలియనివన్నీ తీసేయండి. తెలిసినవి కూడా తీసేస్తే నష్టమేం లేదు. శుభలేఖలు చేసేవారికి ఏ సైటూ నోటిఫికేషన్ పంపాల్సిన పని లేదు. అక్కడే సైట్లు అసలు అడక్కుండా చేసే ఆప్షన్ కూడా ఉంటుంది, అదీ పెట్టేయండి. ఎడ్జ్ బ్రౌజర్ కూడా వాడుతుంటే అందులోనూ ఇదే పని. తర్వాత ఎక్స్‌టెన్షన్స్, అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాములు చూడండి, మీరు పెట్టనిది ఏదున్నా రిమూవ్.

ఇక క్లీనర్. అది చెప్పే 1,286 సమస్యల్లో బ్రౌజర్ కుకీలు (సైట్లు దాచుకునే చిన్న గుర్తులు), ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాముల తాలూకు రిజిస్ట్రీ (విండోస్ సెట్టింగుల చిట్టా) మిగుళ్ళు ఉంటాయి. ఒక్కొక్కదాన్నీ ఒక్కో సమస్యగా లెక్కేస్తుంది. ఇంట్లో దుమ్ము కణాలు లెక్కపెట్టి ఇల్లు కూలిపోతుందని చెప్పినట్టు. సెట్టింగ్స్‌లో యాప్స్‌కి వెళ్ళి, పేరు వరసలో కాకుండా ఇన్‌స్టాల్ చేసిన తేదీ వరసలో పెట్టుకోండి. ఆ పది రోజుల్లో ఏమేం ఎక్కాయో పైకి వస్తాయి. ఇలాంటిది ఒంటరిగా రాదు, వెంట ఒకరిద్దరు చుట్టాల్ని తెస్తుంది.

అన్‌ఇన్‌స్టాల్ కానని మొండికేస్తే సేఫ్ మోడ్‌లో తీయాలి. విండోస్ 10లో పాత రోజుల్లోలాగా ఎఫ్8 పనిచేయదు. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. నీలం తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్. మళ్ళీ లేచాక 4 నొక్కితే సేఫ్ మోడ్. అక్కడ విండోస్‌కి అవసరమైనవి తప్ప మిగతావి లేవవు కాబట్టి తీసేయడం తేలిక.

ఇదంతా మొదలుపెట్టే ముందు ఒక్క పని. మీ పేజ్‌మేకర్ ఫైళ్ళు (పీఎండీ), బొమ్మలు, ఫాంట్ల ఫోల్డర్ ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్ నుంచి ఇన్‌స్టాల్ చేసే ఫైళ్ళేవీ వద్దు, దొంగని కూడా సంచీలో వేసుకున్నట్టవుతుంది.

చివరగా ఒకటి అడుగుతాను, మొహమాటపడకండి. తెరంతా నిండిపోయి, పెద్దగా ఆడగొంతు అరుస్తూ, ఒక ఫోన్ నంబరు చూపించే పేజీ ఏదైనా వచ్చిందా? ఆ నంబరుకి ఫోన్ చేశారా? చేసుంటే పద్ధతి మారుతుంది. 1,999 కట్టని మనిషి పది రోజులు ఊరికే కూర్చున్నాడంటే నాకెందుకో నమ్మబుద్ధి కావడం లేదు.

శుభలేఖల మాస్టారు

మీరు స్క్రూడ్రైవర్ కాదు, పోలీసు.

చేశాను. సిగ్గేసి మొదట రాయలేదు. ఆదివారం మధ్యాహ్నం తెరంతా నీలంగా అయిపోయి సైరన్ మోగింది. మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. మౌస్ కదిలినా ఏదీ మూయడానికి రాలేదు. అక్కడున్న నంబరుకి చేశాను.

అవతలివాడు హిందీలో మాట్లాడాడు. నా బలహీనత అక్కడ దొరికింది. ముప్పై ఏళ్ళు హిందీ చెప్పినవాణ్ణి, రిటైరయ్యాక నాతో హిందీలో మాట్లాడే మనిషి లేడు. కుర్రాడు 'సర్ జీ' అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడుతుంటే అడిగినవన్నీ చేసుకుంటూ పోయాను. ఒక యాప్ వేయించాడు, అందులో వచ్చిన అంకెలు చెప్పమన్నాడు, చెప్పాను. నా మౌస్ దానంతటదే నడవడం మొదలైంది. ఏదో కిటికీ తెరిచి ఎర్ర గుర్తులు వరసగా చూపించాడు, వందలున్నాయి. 'ఇవన్నీ హ్యాకర్లు సర్ జీ, మీ బ్యాంకు ఖాతా దాకా వచ్చేశారు' అన్నాడు. తర్వాత 'ఫీస్ లగేగా', అంటే ఫీజు అవుతుంది, అన్నాడు. హిందీలో ఫీస్ స్త్రీలింగం. 'లగేగీ' అనాలి. ముప్పై ఏళ్ళు ఎర్ర సిరాతో దిద్దిన తప్పు అది. ఎందుకో ఆ ఒక్క మాటతో నాకు మత్తు వదిలింది. నెట్‌బ్యాంకింగ్ తెరవమన్నప్పుడు ప్లగ్గు పీకేశాను. పన్నెండు, పదిహేను నిమిషాలు లోపల ఉండుంటాడు.

డబ్బు పోలేదు. కానీ బ్రౌజర్లో నా పాస్‌వర్డ్లన్నీ దాచిపెట్టి ఉంటాయి. అది తలుచుకుంటే రెండు రాత్రులుగా టెన్షన్‌తో నిద్ర లేదు. మీరు చెప్పినట్టు వైరు పీకాను. ఎర్ర పెట్టెలు ఆగాయి, క్లీనర్ మాత్రం లేచింది. మీ అంచనా నిజమే.

వరంగల్ స్క్రూడ్రైవర్

చెప్పి మంచి పని చేశారు సార్. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో చాలామంది ఈ ముక్క దాచేస్తారు. అన్నీ బాగుచేసి పంపాక వారానికి మళ్ళీ వస్తారు.

వాడు చూపించిన ఎర్ర గుర్తుల కిటికీ పేరు ఈవెంట్ వ్యూయర్. విండోస్ తన రోజువారీ డైరీ అందులో రాసుకుంటుంది. ఏదో సర్వీసు రెండు సెకన్లు ఆలస్యంగా లేచినా ఎర్ర గుర్తే. ఇవాళ కొన్న కొత్త మెషిన్‌లో తెరిచినా కనబడతాయి. అందులో హ్యాకర్ ఎవడూ లేడు. ఆ నీలం తెర కూడా వట్టి వెబ్ పేజీ, ఫుల్ స్క్రీన్‌లో పెట్టారు అంతే. ఈసారి వస్తే ఎస్కేప్ మీట కాసేపు నొక్కి పట్టుకోండి. పోకపోతే ఆల్ట్ ఎఫ్4. అదీ కాకపోతే కంట్రోల్ ఆల్ట్ డిలీట్ కొట్టి టాస్క్ మేనేజర్‌లోంచి బ్రౌజర్‌ని మూసేయండి. మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలు రీస్టోర్ చేయమంటారా అంటే వద్దనండి.

ఇప్పుడు వరస మారింది. మీ మెషిన్ నెట్‌కి కలపకండి. పాస్‌వర్డ్లు ఫోన్ నుంచి మార్చండి, ఈ కంప్యూటర్ నుంచి కాదు. ముందు ఈమెయిల్, తర్వాత బ్యాంకు, తర్వాత మిగతావి. మెయిల్ చేతికి దొరికితే మిగతా పాస్‌వర్డ్లన్నీ అక్కడి నుంచే మార్చేయొచ్చు, అందుకే అది మొదలు. ఆ రిమోట్ యాప్ తీసేయండి. ఇలాంటి యాప్‌ల తప్పేం లేదు, మేమూ రోజూ వాడతాం. కానీ కొన్నిట్లో యజమాని పక్కన లేకపోయినా లోపలికి రావడానికి ఒక పాస్‌వర్డ్ పెట్టుకునే వీలుంటుంది. వాడు ఆ పదిహేను నిమిషాల్లో అది పెట్టాడేమో మనకు తెలీదు. తీసేస్తే గొడవ లేదు.

తర్వాత మూడు చోట్ల చూడాలి. టాస్క్ మేనేజర్‌లో స్టార్టప్ ట్యాబ్, అక్కడ క్లీనర్ పేరుంటే డిసేబుల్. రెండోది టాస్క్ షెడ్యూలర్, ఇది చాలామంది మర్చిపోతారు. ప్రోగ్రాం తీసేసినా ఫలానా టైముకి మళ్ళీ లేపమని అక్కడ చీటీ పెట్టి ఉంటుంది. మూడోది విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, అడుగున ఎక్స్‌క్లూజన్స్. 'ఈ ఫోల్డర్ జోలికి పోవద్దు' అని డిఫెండర్‌కి, అంటే విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్‌కి, చెప్పే జాబితా అది. మీరు పెట్టనిది అందులో ఏదైనా ఉంటే తీసేయండి. కాపలావాడికి లంచం ఇచ్చారో లేదో అక్కడే తెలుస్తుంది.

అప్పుడు స్కాన్. స్కాన్ ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది. కంప్యూటర్ రీస్టార్ట్ అయి విండోస్ లేవకముందే వెతుకుతుంది. ఒక పావుగంట. తెరిచి ఉన్న ఫైళ్ళు ముందే సేవ్ చేసుకోండి. అది శుభ్రం అన్నాక నెట్ కలిపి, అప్‌డేట్ చేసి, ఫుల్ స్కాన్ పెట్టి పడుకోండి. రెండో అభిప్రాయం కావాలంటే మాల్‌వేర్‌బైట్స్ అనే స్కానర్, ఉచితంగా దొరికేది చాలు. దాని అడ్రసు మీరే టైప్ చేసి వెళ్ళండి. వెతికితే పైన వచ్చే ప్రకటనలు నొక్కొద్దు, అక్కడా నకిలీలు కూర్చుంటాయి. ఇంకోటి, మీ పేజ్‌మేకర్ ఎక్కడిదో నేను అడగను. లైసెన్సు లేనిదైతే దాన్ని నడిపించే ప్యాచ్ ఫైలునే స్కానర్ పట్టుకోవచ్చు. పట్టుకున్నవాటి పేర్లు చదవకుండా డిలీట్ నొక్కకండి.

మీ కథ చదువుతుంటే నా మొదటి రెండేళ్ళు గుర్తొచ్చాయి. 2008, 2009లో పాత విండోస్ ఎక్స్‌పీ మెషిన్ల మీద 'ఎక్స్‌పీ యాంటీవైరస్ 2008', 'యాంటీవైరస్ 2009' అని వచ్చేవి. అవి ఇప్పటి పెట్టెల్లాంటివి కావు సార్, నిజంగా ఇంట్లో దిగేవి. వాల్‌పేపర్ మార్చేసేవి, టాస్క్ మేనేజర్ తెరవనిచ్చేవి కావు. అసలు యాంటీవైరస్ ఇన్‌స్టాల్ చేయబోతే 'ఈ ఫైలుకే వైరస్ ఉంది' అని ఆపేసేవి. తర్వాత ఆర్‌కిల్ అని ఒక చిన్న టూలు వచ్చింది, నడుస్తున్న దొంగ ప్రోగ్రాముల్ని ముందు చంపడానికి. దాన్ని కూడా పేరు పట్టి ఆపేస్తుంటే, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పేరు పెట్టి నడిపించేవాళ్ళం. దొంగని పట్టడానికి మనం మారువేషం వేయడం! 2008 డిసెంబర్‌లో అమెరికాలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అలాంటి ముఠా ఒకదాని మీద కోర్టుకెళ్ళింది. పది లక్షల మందికి పైగా కొన్నారట ఆ దొంగ సరుకు. ఇప్పటివాళ్ళకి అంత కష్టమే లేదు. లోపలికి దూరక్కర్లేదు, ఒక 'అలౌ', ఒక ఫోన్ నంబరు చాలు.

కౌంటర్ నంబర్ 3

మాస్టారూ, నేను బ్యాంకులో పనిచేస్తాను. పైన అన్న చెప్పినవాటికి రెండు మాటలు కలుపుతాను.

డబ్బు పోలేదు కదా అని ఊరుకోకండి. రేపు మీ బ్రాంచికి వెళ్ళి జరిగింది రాతపూర్వకంగా ఇవ్వండి, నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మార్చి, డెబిట్ కార్డు వివరాలు బ్రౌజర్లో దాచి ఉంటే ఆ కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకోండి. ఎందుకు చెబుతున్నానంటే, 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం ఖాతాదారు తనే వివరాలు ఇచ్చేసిన కేసుల్లో, బ్యాంకుకి చెప్పేవరకూ జరిగిన నష్టం ఆయనదే. చెప్పిన తర్వాత జరిగింది బ్యాంకు మీద పడుతుంది. కాబట్టి మీరు చెప్పిన గంట ముఖ్యం. రసీదు అడిగి తీసుకోండి, మావాళ్ళు బద్ధకిస్తే మేనేజర్ గదిలోకి వెళ్ళండి.

ఎప్పుడైనా డబ్బు కదిలినట్టు మెసేజ్ వస్తే ఆలోచించకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు దారిలో ఆగే అవకాశం అంత ఎక్కువ.

ఇంకో సంగతి. వాడు మళ్ళీ ఫోన్ చేస్తాడు. ఈసారి 'మీకు రిఫండ్ వచ్చింది, ఖాతా నంబరు చెప్పండి' అంటాడు. మా కౌంటర్ దగ్గరికి వచ్చి ఏడ్చినవాళ్ళలో ఇద్దరు మొదటి ఫోన్‌కి పడలేదు, ఈ రెండోదానికి పడ్డారు.

శుభలేఖల మాస్టారు

మూడు రోజుల తర్వాత రాస్తున్నాను, మన్నించాలి. ఒక్కొక్కటీ చదువుకుంటూ చేశాను.

నోటిఫికేషన్ల జాబితాలో 14 సైట్లున్నాయి. వినాయకుడి సైటు ఒకటే అనుకున్నాను. పంచాంగం, పాత పాటలు, జనరిక్ మందుల ధరలు, ఇలా నేను వెళ్ళిన ప్రతిచోటా 'అలౌ' నొక్కుకుంటూ వచ్చానన్నమాట. పిల్లలకి 'ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయండిరా' అని చెప్పినవాణ్ణి.

క్లీనర్ మామూలుగా పోలేదు. సగంలో 'నిజంగా వెళ్ళిపోమంటారా' అని దీనంగా అడిగి మళ్ళీ మొదటికొచ్చింది. సేఫ్ మోడ్‌లో పోయింది. మీరన్న చుట్టం కూడా దొరికింది, డ్రైవర్లు అప్‌డేట్ చేస్తానని ఒకటి, అదే రోజు తేదీతో. టాస్క్ షెడ్యూలర్‌లో ఉదయం 9కి లేపమని చీటీ కనబడింది, తీసేశాను. ఎక్స్‌క్లూజన్స్ ఖాళీ. ఆఫ్‌లైన్ స్కాన్‌లో ఏమీ లేదు. మాల్‌వేర్‌బైట్స్ ఏడు పట్టుకుంది, ఏడూ క్లీనర్ తాలూకు మిగుళ్ళే. పేజ్‌మేకర్‌ని ఏమీ అనలేదు, అంతకు మించి మనం మాట్లాడుకోవద్దు.

బ్యాంకుకి వెళ్ళాను. రసీదు ఇవ్వడానికి ముప్పావుగంట పట్టింది. ఇచ్చారు.

కౌంటరమ్మా, నువ్వన్నట్టే నిన్న సాయంత్రం ఫోన్ వచ్చింది. గొంతు వేరే, మర్యాద అదే. 'సర్ జీ, ఆప్‌కా రిఫండ్ ఆయా హై' అన్నాడు. 'బేటా, మీ వాడొకడు ఫీస్‌ని పుంలింగం చేశాడు, వాడికి చెప్పు, లగేగీ అనాలి' అన్నాను. రెండు సెకన్లు మౌనం. పెట్టేశాడు.

అంతా బాగుంది కానీ స్క్రూడ్రైవర్ గారూ, కొత్త గొడవ. పేజ్‌మేకర్ తెరుచుకుంటోంది, పాత శుభలేఖలు చక్కగా తెలుగులోనే కనబడుతున్నాయి. కొత్తగా టైప్ చేస్తే మాత్రం ఇంగ్లీషే పడుతోంది. వైరస్ ఏమైనా మిగిలిందంటారా? రేపు ఉదయం ప్రెస్సుకి ఒకటి పంపాలి.

వరంగల్ స్క్రూడ్రైవర్

స్టార్టప్ ట్యాబ్‌లో క్లీనర్ ఒక్కదాన్నే ఆపారా, ఉన్నవన్నీ ఆపారా?

శుభలేఖల మాస్టారు

అన్నీ. ఎందుకైనా మంచిదని.

వరంగల్ స్క్రూడ్రైవర్

అను స్క్రిప్ట్ మేనేజర్‌ని కూడా మీరే పడుకోబెట్టారు సార్. అక్కడే పేరు వెతికి ఎనేబుల్ చేసి రీస్టార్ట్ చేయండి. ఫాంట్లు ఉన్నాయి కాబట్టి పాతవి కనబడుతున్నాయి, మీట నొక్కితే తెలుగు పడాలంటే అది లేచి ఉండాలి.

పని తీరాక ఇంకోటి చూసుకోండి. విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి. ఇళ్ళలో వాడేవాళ్ళకి 2026 అక్టోబర్ దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు పొడిగించుకునే వీలు ఇచ్చారు, విండోస్ అప్‌డేట్ పేజీలో నమోదు చేసుకోమని లింకు కనబడుతుంది. తొందర లేదు, ముందు పెళ్ళి పనులు కానివ్వండి.

శుభలేఖల మాస్టారు

తెలుగు పడింది. రాత్రి పదకొండింటికి ఫైలు ప్రెస్సుకి పంపాను. వినాయకుణ్ణి చివరికి మా ఆవిడ కాగితం మీద స్కెచ్ పెన్నుతో వేసి ఇచ్చింది, స్కాన్ చేసి పెట్టాను. పెళ్ళివారికి నచ్చింది.